పరిగెత్తేవి మనవి

ద్రాక్ష పరిశోధన కేంద్రంలో పురుగుల విభాగానికి ఒక డాక్టరమ్మ ఉంది, రెండు మైక్రోస్కోపులు ఉన్నాయి, ఎప్పుడూ పనిచేయని ఏసీ ఒకటి ఉంది. వీటన్నిటికంటే ముందు నుంచీ భూతద్దం బాబాయి ఉన్నాడు. ఆయన అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఎక్కడా కనిపించదు. మెడలో నల్ల తాడుకు వేలాడే చిన్న భూతద్దం వల్ల ఈ పేరు వచ్చింది. స్నానం చేసేటప్పుడైనా దాన్ని తీస్తాడా అని కేంద్రంలో చాలామందికి అనుమానం. తీస్తాడని ఆయన భార్య చెప్పింది గానీ ఎవరూ పూర్తిగా నమ్మలేదు.

చదువు పదో తరగతి దగ్గర ఆగిపోయింది. ఉద్యోగం పేరు క్షేత్ర సహాయకుడు. చేసే పని పురుగుల్ని లెక్కపెట్టడం. వినడానికి ఇదీ ఒక పనేనా అనిపిస్తుంది. ముప్ఫయ్యొక్కేళ్ళు మోకాళ్ళ మీద కూర్చుని చేసి చూస్తే తెలుస్తుంది.

ద్రాక్షకు పిండినల్లి అని ఒక పురుగు పడుతుంది. బియ్యపు గింజలో సగం ఉంటుంది, ఒళ్ళంతా తెల్లటి పిండి పూసుకుని. కాండం మీద ఊడిన బెరడు కింద నెలల తరబడి దాక్కుని, కాయ మెత్తబడే వేళకు ఎవరో పిలిచినట్టు గుత్తుల్లోకి దిగుతుంది. రసం పీల్చి జిగురు వదులుతుంది. జిగురు మీద నల్లటి మసి పడుతుంది. ఇక ఆ గుత్తి ఎందుకూ పనికిరాదు. మందు కొడితే పైనున్నవి చస్తాయి, బెరడు కిందవి మాత్రం మందు వాసన కూడా తగలకుండా హాయిగా కాపురం చేసుకుంటాయి. అందుకని బెరడు కింద ఎన్ని ఉన్నాయన్నదే అసలు ప్రశ్న. దానికి జవాబు చెప్పేది బాబాయి.

పదిహేను రోజులకోసారి తోటకి వెళ్తారు. గుర్తు వేసిన ముప్ఫై తీగలుంటాయి. బాబాయి ఒక్కో తీగ దగ్గరా కూర్చుని, మూడు వేళ్ళ వెడల్పున బెరడు లేపి, ఎడమ కన్ను మూసి, కుడి కంటికి భూతద్దం ఆనించి రెండు నిమిషాలు చూసి, పైకి ఒక అంకె చెబుతాడు. డాక్టరమ్మ రాసుకుంటుంది. ఆమె లేని రోజున ఆయనే రాసుకుంటాడు. దేశదేశాల పత్రికల్లో ఆమె రాసిన వ్యాసాలన్నీ ఈ అంకెల మీదే నిలబడ్డాయి. వ్యాసం చివర ధన్యవాదాల్లో బాబాయి పేరు ఒక వరుసలో ఉంటుంది. ఆ వరుస వరకు ఆయన చదవగలడు, అది చాలు ఆయనకి.

ఈ మూడేళ్ళుగా వాళ్ళిద్దరూ కళ్ళలో వత్తులు వేసుకుని కాపలా కాస్తున్నది డ్రైవరు తోట. డ్రైవరంటే ఇరవై ఏళ్ళు సిటీ బస్సు నడిపి, ఉద్యోగం మానేసి నాలుగెకరాల ద్రాక్ష పెట్టిన మనిషి. ఇప్పటికీ పక్కన ఇంజను మోగుతున్నట్టే అరిచి మాట్లాడతాడు. అందులో ఒక ఎకరంలో మందు కొట్టకుండా ఉండటానికి అతను ఒప్పుకున్నాడు. మందుకు బదులు అక్షింతల పురుగుల్ని వదులుతారు. అవి పిండినల్లిని తినే పురుగులు. కేంద్రంలో గుమ్మడికాయల మీద నల్లిని పెంచి, ఆ నల్లి మీద వీటిని పెంచుతారు. చుట్టుపక్కల ఇరవై మంది రైతుల్ని అడిగితే ఈ డ్రైవరొక్కడే సరేనన్నాడు, అదీ ఒక షరతు మీద. కాయ మెత్తబడేటప్పుడు తీగకు సగటున పది కంటే ఎక్కువ నల్లి కనిపిస్తే ఆగేది లేదు, మందు కొట్టేస్తాడు. మందు కొడితే అక్షింతల పురుగులన్నీ చస్తాయి, ప్రయోగం మూడో ఏట ముగిసిపోతుంది, ఇంకో రైతు తోటలోకి అడుగు పెట్టనివ్వడు. ఇది ముగ్గురికీ తెలుసు.

అక్షింతల పురుగు పెద్దదయ్యాక ఎవరైనా గుర్తుపడతారు. దాని పిల్లతోనే వస్తుంది చిక్కు. అదీ ఒంటినిండా తెల్లటి పిండి పూసుకుని అచ్చం నల్లిలాగే ఉంటుంది. తినబోయేవాళ్ళ వేషం వేసుకుని వాళ్ళ ఇంట్లోనే దూరుతుంది, గడుసుది. కొత్తగా చేరిన ప్రతివాళ్ళూ దాన్ని నల్లి అనుకుని లెక్కలో కలిపేస్తారు. అందుకే ఎవరు చేరినా బాబాయి చెప్పే మొదటి పాఠం ఒకటే. "గడ్డిపరకతో తాకి చూడు. కూర్చున్నది నల్లి, పరిగెత్తేది మనది." బాబాయికైతే తాకనక్కర్లేదు, చూడగానే తెలిసిపోయేది.

తెలిసిపోయేది అని ఎందుకంటున్నానంటే, ఐదు నెలల కిందట ఆయన కుడి కంటికి పొర కమ్మడం మొదలైంది. ముందు అద్దం మురికి అనుకున్నాడు. చొక్కా అంచుతో తుడిచాడు, సబ్బుతో కడిగాడు, కొత్త భూతద్దం కొన్నాడు. మురికి అద్దానిది కాదని తెలిశాక ఎవరికీ చెప్పలేదు, బయటపడుతుందని ఆసుపత్రికీ వెళ్ళలేదు. ఎడమ కన్ను చిన్నప్పుడే దెబ్బ తిన్నది, దాంతో దారి కనిపిస్తుంది గానీ పురుగు కనిపించదు. ఆయన భయపడ్డాడు. రిటైరు కావడానికి ఇంకా రెండేళ్ళుంది. ఈ చూపు తీసేస్తే ఆ కేంద్రంలో తన దగ్గర ఇంకేముంది? అలవాటైన చేతులు బెరడు లేపుతుంటే, తెల్లగా కనిపించిన చుక్కల్ని లెక్కపెట్టి అంకె చెబుతూ వచ్చాడు. మొదట్లో అవి దాదాపు సరిపోయాయి కూడా. ఈ ఏడు తోటలోకి అక్షింతల పురుగుల్ని వదిలి, అవి పిల్లల్ని పెట్టేదాకా ఇబ్బంది రాలేదు.

పోయిన శనివారం కాయ మెత్తబడే నాటి లెక్క. డాక్టరమ్మ వేరే ఊళ్ళో సమావేశంలో ఉంది, సోమవారం గానీ రాదు. బాబాయి ఒక్కడే బస్సెక్కి వెళ్ళాడు. అంతకుముందు సారి సగటు పదకొండు వచ్చింది, ఇంకోసారి చూద్దామని డ్రైవర్ని ఎలాగో ఆపారు. ఈసారి పద్నాలుగు వచ్చింది. మధ్యలో ఒకచోట ఆకు మీద చెయ్యి వేస్తే జిగురు తగల్లేదు. చీమలూ లేవు. ఇంత నల్లి ఉంటే ఆకు జిగటగా లేకపోవడమేమిటని ఒక్క క్షణం అనిపించింది. కానీ అనుమానం అనే పురుగు లోపల తొలిస్తే అది తన కంటి దాకా వస్తుందని ఆయనకి తెలుసు. చెయ్యి ప్యాంటుకి తుడుచుకుని తర్వాతి తీగ దగ్గరికి జరిగాడు.

"ఎంతన్నా?" అని అడిగాడు డ్రైవరు, పందిరి అవతలి నుంచి.

"పద్నాలుగు."

డ్రైవరు పందిరి కింద నుంచి వంగి ఇవతలికి వచ్చాడు. ఆ గొంతు అంత నెమ్మదిగా మాట్లాడటం బాబాయి ఎప్పుడూ వినలేదు. "ఇక నా వల్ల కాదన్నా. సోమవారం పొద్దున్నే కొట్టేస్తాను. డాక్టరమ్మకి నువ్వే చెప్పు, నాకు ముఖం చెల్లదు" అన్నాడు.

బాబాయి ఫోన్ చేసి, పుస్తకంలో రాసుకోవడానికి ముప్ఫై అంకెలూ, డ్రైవరు అన్న మాటా చెప్పాడు. అవతల నుంచి "సరే బాబాయ్" అని మాత్రం వినిపించింది. ఏడ్చిందో లేదో తెలియదు.

ప్రతిసారీ ఎక్కువ నల్లి ఉన్న తీగ నుంచి ఒక బెరడు ముక్క సీసాలో వేసి, మూతికి పల్చటి గుడ్డ కట్టి ల్యాబుకి తేవడం పద్ధతి. ఆ రోజు ఆయన తిరిగొచ్చేసరికి ల్యాబుకి తాళం పడింది. సీసా ఇంటికి తెచ్చి, భార్య కుట్టుమిషను పక్కన కిటికీలో పెట్టాడు. ఆదివారమంతా మంచం దిగలేదు. ఒంట్లో బాగాలేదన్నాడు.

సోమవారం పొద్దున ఎనిమిదింటికి భార్య మిషను ముందు కూర్చుంది. ఆమె వీధిలో అందరికీ జాకెట్లు కుడుతుంది. దారంలో దారం కలిసిపోయినా విడదీసే కళ్ళు ఆమెవి.

"ఏమండీ, మీ సీసాలో పెద్దవి చిన్నవాటిని తినేస్తున్నాయి" అంది.

"నల్లి నల్లిని తినదు" అన్నాడు ఆయన, గోడ వైపు తిరిగి పడుకునే.

"అయితే ఇవి నల్లి కాదేమో. శనివారం నిండా ఉన్నాయి, ఇప్పుడు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. ఉన్నవన్నీ బలిసి కూర్చున్నాయి."

బాబాయి లేచి వచ్చాడు. సీసా తీసుకుని భూతద్దం పెట్టాడు. తెల్లటి మసక తప్ప ఏమీ కనిపించలేదు. కిటికీ వైపు తిప్పాడు, మళ్ళీ పెట్టాడు. తర్వాత సీసా ఆమె చేతికిచ్చి, "సూదితో మెల్లగా తాకి చూడు" అన్నాడు. ఆ గొంతు ఆయనది కాదనిపించింది ఆమెకి.

ఆమె గుడ్డ తీసి తాకింది. "అమ్మో, పరిగెడుతోందండీ!"

"ఇంకోటి?"

"అదీ పరిగెత్తింది. అన్నీ పరిగెడుతున్నాయి."

బాబాయికి అర్థమైంది. పద్నాలుగు అని తను చెప్పినవాటిలో ముప్పావు వంతు తమ పురుగులే. తోటలో నల్లి పెరగలేదు. నల్లిని తినేవి పెరిగాయి. మూడేళ్ళ కష్టం ఫలించిన రోజున పుట్టి మునిగిందని చెప్పి వచ్చాడు. ప్రతివాళ్ళకీ నేర్పిన మొదటి పాఠంలోనే తను తప్పాడు. ఈపాటికి డ్రైవరు మందు కొట్టడం మొదలుపెట్టి ఉంటాడు.

ఫోన్ చేస్తే ఎత్తలేదు. మళ్ళీ చేశాడు, మళ్ళీ ఎత్తలేదు. స్ప్రేయరు చప్పుడులో వాడికి పిడుగు పడినా వినపడదు. "స్కూటర్ తియ్యి" అన్నాడు భార్యతో. ఐదు నెలలుగా నడుం నొప్పి అని చెప్పి ఆమె చేతే స్కూటర్ నడిపిస్తున్నాడు. ఊరు దాటాక ఆమె వెనక్కి తిరక్కుండానే అడిగింది.

"నడుం కాదు కదూ?"

"కాదు."

"నాక్కూడా చెప్పలేదు."

ఆమె ఎదురుగాలికి కాకపోయినా రెండుసార్లు కళ్ళు తుడుచుకుంది. స్పీడు మాత్రం తగ్గించలేదు.

వాళ్ళు వెళ్ళేసరికి డ్రైవరు రెండు వరుసలు కొట్టేశాడు. ఇంకో రెండు వరుసలు దాటితే గుర్తు వేసిన తీగలు మొదలవుతాయి. బాబాయి ట్రాక్టరుకి అడ్డంగా వెళ్ళి నిలబడ్డాడు. డ్రైవరు సడన్ బ్రేకు వేసి, ముక్కుకి కట్టుకున్న గుడ్డ లాగేసి ఒంటికాలి మీద లేచాడు.

"ఏందన్నా ఇది? చస్తావా?"

"ఆపు తమ్ముడూ. లెక్క తప్పు. అవి నల్లి కాదు, మన పురుగుల పిల్లలు. నేనే పొరపడ్డాను."

డ్రైవరు ఇంజను ఆపి, ఆయన్ని కిందికీ పైకీ చూశాడు. తర్వాత నవ్వాడు. ఆ నవ్వులో జాలి ఉంది.

"డాక్టరమ్మ ఏడ్చి ఉంటుంది. నువ్వు ఆగలేక వచ్చావు. అంతే కదా? అన్నా, పొరపాటు ఎవరైనా చేస్తారు, నువ్వు చెయ్యవు. మా తోటలో ఎంత పురుగుందో నాకంటే నీకే బాగా తెలుసు. శనివారం నీ నోటితో చెప్పావు. ఇప్పుడు ఆవిడ కోసం నీ నోటితోనే కాదంటున్నావు. పక్కకి జరుగు."

ముప్ఫయ్యొక్కేళ్ళ పేరు ఇలా ఎదురు తిరుగుతుందని బాబాయి ఎప్పుడూ అనుకోలేదు. అబద్ధాన్ని నమ్మినవాడికి నిజం చెబితే, నువ్వంత మంచివాడివి కాబట్టి అబద్ధం చెబుతున్నావంటున్నాడు! ఆయన మెడలోంచి భూతద్దం తీసి డ్రైవరు చేతిలో పెట్టాడు. అది మెడలో లేకుండా ఆయన్ని చూడటం డ్రైవరుకి అదే మొదటిసారి.

"నాకు కళ్ళు కనపడటం లేదురా" అన్నాడు బాబాయి. "కుడి కంటికి పొర వచ్చింది. ఐదు నెలలైంది. దాచాను. నా మాట నమ్మొద్దు, నువ్వు చూడు. ఇరవై ఏళ్ళు అంత దూరం నుంచి బోర్డులు చదివావు కదా, ఇదీ చదువు."

డ్రైవరు ఆయన భార్య వైపు చూశాడు. "నిజమేనా వదినా?"

"నిజమే మరిదీ. నాకూ ఇప్పుడే తెలిసింది" అందామె.

డ్రైవరు ట్రాక్టరు దిగాడు. మొదటి గుర్తు తీగ దగ్గర మోకాళ్ళ మీద కూర్చున్నాడు. బాబాయి పక్కన కూర్చుని బెరడు లేపాడు, ఆ వేళ్ళకి ఇంకా చూపు ఉంది. ఎలా పట్టుకోవాలో, ఏ కన్ను మూయాలో చెప్పి, గడ్డిపరక తుంచి ఇచ్చాడు. "ఒక్కోదాన్నీ తాకు. కూర్చున్నది నల్లి. పరిగెత్తేది మనది."

డ్రైవరు తాకాడు. "పరిగెత్తింది." తాకాడు. "ఇదీ పరిగెత్తింది. ఇది కూర్చుంది. ఇది పోయింది, పోయింది... ఓరి దీని దుంప తెగ, దీని నోట్లో నల్లి ఉందన్నా! తింటోంది!" రెండు ఫర్లాంగులు వినిపించేటట్టు అరిచాడు. ఆ తీగ మీద నల్లి మూడు, పరిగెత్తేవి పది. రెండో తీగ మీద రెండు, తొమ్మిది. ఆరు తీగలు చూశాక లేచి వెళ్ళి ట్యాంకు గొట్టం విప్పేశాడు.

వాళ్ళిద్దరినీ కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చి, డాక్టరమ్మకి తనే ఫోన్ చేసి అంతా చెప్పాడు. ఆమె రైలు దిగి నేరుగా తోటకే వచ్చింది, చేతిలో సూట్‌కేసుతో, భుజాన లెక్కల పుస్తకం ఉన్న సంచీతో. ముప్ఫై తీగలూ తనే చూసింది. గంట పైన పట్టింది. సగటు నల్లి మూడు కూడా లేదు. పందిరి కింద నుంచి బయటికి వచ్చేసరికి ఆమె ముఖం వెలిగిపోతోంది. బాబాయిని చూడగానే అది ఆరిపోయింది.

"ఎప్పటి నుంచి?" అని అడిగింది.

చివరి రెండుసార్లే అని ఉంటే సరిపోయేది. ఆ రెండు అంకెలూ తప్పని ఎలాగూ తేలిపోయింది, వెనకటివి ఎవరూ తవ్వరు. ప్రయోగం గట్టెక్కుతుంది, వ్యాసం వస్తుంది. డ్రైవరు ఆయన వైపు చూసి, అలాగే చెప్పమన్నట్టు తల కూడా ఊపాడు. ఆ తల ఊపడం బాబాయికి కనిపించే దూరంలోనే ఉంది.

"తీగల కత్తిరింపులప్పటి నుంచీ అమ్మా. ఐదు నెలలు."

డాక్టరమ్మ స్కూటర్ సీటు మీద పుస్తకం తెరిచింది. ఐదు నెలలంటే పది లెక్కలు. ఒక పంటకాలమంతా పోయినట్టే, వచ్చే ఏడు మళ్ళీ మొదటి నుంచి చేయాలి.

"నాకొక్క మాట చెప్పాల్సింది బాబాయ్. ఒక్క మాట చెబితే ఇంకొకళ్ళని పెట్టుకునేదాన్ని కదా."

"పెట్టుకుంటారనే చెప్పలేదమ్మా."

ఆమె తల దించుకుంది. కోపం పోలేదు, అది ఆమె పెదవుల బిగువులో కనిపిస్తూనే ఉంది. పెన్ను తీసి చివరి పేజీ మీద మూల నుంచి మూలకి ఒక గీత గీసింది. వెనక్కి తిప్పి ఇంకో గీత గీసింది. గీసిన ప్రతిసారీ తేదీ పైకి చదివింది, ఆయన "అదీ కొట్టేయండి" అన్నాడు. పది పేజీలయ్యాయి. ఇంకో పేజీ తిప్పింది. అది కత్తిరింపులకు ముందుది, ఆయన చెప్పిన ఐదు నెలలకు అవతలిది. అయినా ఆగి అడిగింది.

"ఇది?"

బాబాయి కళ్ళు మూసుకుని ఆలోచించాడు.

"ఆ రోజు వాన పడింది. ఇరవై రెండో తీగ దగ్గర ఆపేశాం. మర్నాడు పొద్దున వచ్చి మిగతా ఎనిమిదీ చూశాను. ఆ పొద్దునే మొదటిసారి అద్దం తుడుచుకున్నాను, మురికి అనుకుని. ఆ ఎనిమిదీ కొట్టేయండి."

"ముందువి?"

"ఇరవై రెండూ చూశానమ్మా. ప్రతి పురుగునీ చూశాను."

డాక్టరమ్మ ఎనిమిది అంకెల మీద ఎనిమిది గీతలు గీసింది. పైన ఇరవై రెండింటినీ అలాగే ఉంచి, పక్కన తన సంతకం పెట్టింది.